హెచ్‌ఓ లేఅవుట్ కోసం ప్లేట్ గర్డరు వంతెన: షీటు కోత నుంచి పట్టా బిగింపు దాకా

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం వైపు మోడల్ రైళ్లు పెట్టుకునేవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది: నాగావళి మీదో వంశధార మీదో కనిపించే గర్డరు వంతెనను ఇంట్లో సొంతంగా ఎలా కట్టాలి? దిగుమతి కిట్లు ఖరీదు. కొన్నా అవి చాలావరకు అమెరికా, జర్మనీ నమూనాలే. మన లైన్ల మీద కనిపించే పొట్టి ప్లేట్ గర్డరును (ఉక్కు పలకలతో కట్టిన దూలాన్ని) షీటు కోసి కట్టుకోవడమే మేలు.

ఈ పనిలో అసలు మెలకువ జిగురులో లేదు. ఒకే కొలత ముక్కలు పదుల సంఖ్యలో నిజంగా ఒకే కొలతలో రావాలి, వాటిని సరైన వరుసలో అతకాలి. ఈ రెండూ కుదిరితే వంతెన దానంతట అదే నిటారుగా నిలుస్తుంది.

1. ముందు తేల్చుకోవాల్సినవి

స్కేలు: ఇక్కడి కొలతలన్నీ హెచ్‌ఓకి, అంటే 1:87కి. నిజమైన ఒక మీటరు మోడల్‌లో 11.5 మి.మీ.

స్పాను (రెండు ఆధారాల మధ్య దూరం): మన రైల్వేలో ప్లేట్ గర్డర్ల ప్రామాణిక స్పాన్లు 12.2, 18.3, 24.4 మీటర్లు. 30.5 మీటర్లు, ఆపైన ఉన్నవి జాలీలా కనిపించే ఓపెన్ వెబ్ గర్డర్లు. వాటి జోలికి ఇప్పుడు పోవద్దు. 18.3 మీటర్ల స్పాను మోడల్‌లో 210 మి.మీ. అవుతుంది. మొదటి వంతెనకు ఇదే తీసుకోండి. ఎ4 షీటులో నిడివికి సరిపోతుంది, చూపుకు కూడా నిండుగా ఉంటుంది.

రివెట్లా, వెల్డింగా: షీటు కోయకముందే తేల్చుకోవాలి. మీ లేఅవుట్ 1931లో పూర్తయిన విజయనగరం–రాయపూర్ లైను తొలినాళ్లను చూపిస్తుంటే గర్డరు మీద రివెట్లు ఉండాలి. నౌపడా–గుణుపురం లైను బ్రాడ్‌గేజ్‌గా మారిన తర్వాతి కాలం అయితే వెల్డ్ చేసిన నున్నటి గర్డరు చాలు. మొదటిసారి చేసేవాళ్లకు వెల్డింగు రకమే చెబుతాను. పనిలో మూడో వంతు తగ్గుతుంది.

వంతెన మీద ట్రాక్ తిన్నగానే ఉండాలి. 600 మి.మీ. వ్యాసార్థపు వంపులో 225 మి.మీ. గర్డరు పెడితే, నడిమధ్యలో పట్టా గర్డరు కేంద్రరేఖ నుంచి దాదాపు 10.5 మి.మీ. పక్కకు జరుగుతుంది. రెండు గర్డర్ల మధ్య దూరమే 22 మి.మీ. కాబట్టి అది కుదరదు. వంతెనకు రెండు వైపులా కూడా ఒక బోగీ పొడవు ట్రాక్ తిన్నగా ఉండేలా చూసుకోండి.

2. సామాన్లు

- 1 మి.మీ. స్టైరీన్ షీటు, ఎ4 సైజు: 1
- 0.5 మి.మీ. స్టైరీన్ షీటు, ఎ4 సైజు: 2
- 0.25 మి.మీ. స్టైరీన్ షీటు: సగం ఎ4 (రివెట్లు చేసేవాళ్లకే)
- స్లీపర్లకు 3 × 2 మి.మీ. చెక్క పుల్ల: మొత్తం ఒక మీటరు
- నీళ్లలా పలుచటి స్టైరీన్ సిమెంటు (టామియా ఎక్స్‌ట్రా థిన్ లాంటిది), 0 నంబరు బ్రష్షు
- కాంటాక్ట్ అడ్హెసివ్ (ఫెవిబాండ్ లాంటిది), కొద్దిగా ఫెవిక్విక్
- స్టీలు స్కేలు, స్నాప్ బ్లేడు కత్తి, చిన్న మూలమట్టం, విభాగిని, పట్టకారు
- 240, 400 నంబరు ఎమరీ పేపరు
- ఒక అడుగు పొడవున్న మందపాటి అద్దం పలక. గర్డరు తిన్నగా రావడం దీని మీదే ఆధారపడుతుంది.

చిన్న ఊళ్లలో స్టైరీన్ షీటు అడిగితే ఫ్లెక్సీ బ్యానర్ల దుకాణంలో సన్‌బోర్డు చేతిలో పెడతారు. రెండూ తెల్లగానే ఉంటాయి. గుర్తుపట్టడం తేలిక: కత్తితో గీత గీసి వంచండి. స్టైరీన్ టక్కున విరిగి అంచు నున్నగా వస్తుంది. సన్‌బోర్డు అంచులో సన్నటి నురగ గదులు కనిపిస్తాయి. సన్‌బోర్డు అబట్‌మెంట్లకు (వంతెన చివర్లు కూర్చునే గోడలకు) బాగా పనికొస్తుంది గాని గర్డరుకు పనికిరాదు. ప్లంబర్లు వాడే పీవీసీ సొల్యూషన్ కూడా గర్డరు దగ్గరికి రానివ్వకండి. అది చిక్కగా ఉండి పలుచటి అంచులను తినేస్తుంది.

స్టైరీన్ దొరకనే దొరకకపోతే, పుస్తకాల బైండింగువాళ్ల దగ్గర దొరికే 1 మి.మీ. అట్టతో వెబ్ (గర్డరు నిలువు పలక), 300 జీఎస్ఎం ఐవరీ కార్డుతో మిగతావి కోయండి. కోసిన వెంటనే అంచులకు ఫెవిక్విక్, రెండు ముఖాలకూ పలుచటి వార్నిష్ పట్టించాలి. ఒక్క ముఖానికే పట్టిస్తే వానాకాలం తేమకు అట్ట వంగుతుంది.

3. ముక్కల పట్టిక (ఒక స్పానుకు)

- వెబ్ ప్లేట్లు: 1 మి.మీ. షీటు, 225 × 18: 2
- ఫ్లాంజిలు (వెబ్‌కు పైనా కిందా వచ్చే అడ్డ పలకలు): 0.5 మి.మీ. షీటు, 225 × 5: 4
- పై కవర్ ప్లేట్లు (ఫ్లాంజి మీద అదనంగా అతికేవి): 0.5 మి.మీ., 225 × 4: 2
- కింది కవర్ ప్లేట్లు: 0.5 మి.మీ., 150 × 4: 2
- బేరింగు స్టిఫెనర్లు (స్టిఫెనరు అంటే వెబ్‌ను బిగించే నిలువు పట్టీ): 0.5 మి.మీ., 18 × 1.5: 16
- మధ్య స్టిఫెనర్లు: 0.5 మి.మీ., 17 × 1.5: 52
- క్రాస్ ఫ్రేములకు (రెండు గర్డర్లనూ కలిపే చట్రాలకు) పట్టీలు: 0.5 మి.మీ., 21 × 1.5: 16; 25 × 1.5: 16
- పై బ్రేసింగ్ పట్టీలు (గర్డర్ల పైభాగాలను ఏటవాలుగా కలిపేవి): 0.5 మి.మీ., 37 × 1.5: 7
- బేరింగు ప్లేట్లు (గర్డరు చివర కింద ఆధారంగా వచ్చేవి): 1 మి.మీ., 5 × 6: 8

స్పాను 210 మి.మీ. అయినా గర్డరు 225 ఎందుకంటే, రెండు చివర్లా 7.5 మి.మీ. చొప్పున అబట్‌మెంట్ మీద కూర్చోవాలి.

4. కోత

ప్రతి ముక్కనూ స్కేలుతో కొలిచి కోయవద్దు. ఒక్కసారి కొలిచి, అడ్డుకట్ట పెట్టి, మిగతావన్నీ దానికి ఆనించి కోయండి. 68 స్టిఫెనర్లను విడివిడిగా కొలిస్తే ఒక్కోటి ఒక్కోలా వస్తుంది. పెయింటు పడ్డాక ఆ తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

అడ్డుకట్ట ఇలా: చదునైన చెక్క ముక్క మీద స్టీలు స్కేలును ఫెవిక్విక్‌తో అతికించండి. దానికి లంబంగా మూలమట్టం పెట్టి కత్తి దారి గీయండి. ఆ దారికి సరిగ్గా 17 మి.మీ. దూరంలో చిన్న స్టైరీన్ ముక్కను అతికించండి. 1.5 మి.మీ. పట్టీని స్కేలు వెంట జరిపి, ఆ ముక్కకు తగిలేదాకా నెట్టి కోయండి. 18 మి.మీ. ముక్కలకు అడ్డుకట్టను మార్చి మళ్లీ అంతే.

పొడవాటి పట్టీలు కోసేటప్పుడు కత్తిని ఒక్కసారే గట్టిగా నొక్కవద్దు. అలా చేస్తే పట్టీ విల్లులా వంగుతుంది. తేలిగ్గా మూడు నాలుగు గీతలు గీసి, చివరికి వంచి విరవండి. విరిగిన అంచు కొద్దిగా లేచి ఉంటుంది. ఎమరీ పేపరును అద్దం మీద పరిచి, అంచును దాని మీద రెండు సార్లు లాగితే పోతుంది.

రెండు వెబ్ ప్లేట్లనూ జతగా పట్టుకుని చివర్లను కలిపి ఎమరీ పేపరు మీద రాయండి. రెండింటి పొడవూ ఒకటే కావాలి. 225కు బదులు రెండూ 224.5 వచ్చినా నష్టం లేదు. ఒకటి అటు, ఒకటి ఇటు అయితే వంతెన వంకర పోతుంది.

5. గీతలు గీయడం

వెబ్ రెండు చివర్ల నుంచి 4 మి.మీ. లోపల ఒక్కో గీత గీయండి. అది బేరింగు రేఖ. ఆ రెండు రేఖల మధ్య 217 మి.మీ. మిగులుతుంది. విభాగినిని 15.5 మి.మీ.కి బిగించి నడిపిస్తే సరిగ్గా 14 గళ్లు, మొత్తం 15 గీతలు వస్తాయి. ఎనిమిదో గీత నడిమధ్యలో పడాలి. పడకపోతే విభాగిని కదిలిందన్నమాట. చెరిపి మళ్లీ గీయండి.

గీతలు వెబ్‌కు రెండు ముఖాలా కావాలి. రెండో ముఖం మీద కొత్తగా కొలవకుండా, మూలమట్టంతో అంచు మీదుగా తిప్పి గీయండి. హెచ్‌బి పెన్సిల్ చాలు. బాల్‌పెన్ వాడితే సిరా సిమెంటులో కరిగి పెయింటు పైకి తేలుతుంది.

6. రివెట్లు (కావాలనుకున్నవాళ్లకు)

రివెట్ల పట్టీలు గర్డరు బయటి ముఖాలకు మాత్రమే పెట్టండి. లోపలివి ఎవరికీ కనిపించవు.

0.25 మి.మీ. షీటులో 1.2 మి.మీ. వెడల్పు పట్టీ గీసి, ఇంకా కోయకుండానే, వెనుక వైపు నుంచి మొద్దుబారిన సూదితో 1.5 మి.మీ.కి ఒకటి చొప్పున నొక్కండి. కింద నాలుగు మడతల న్యూస్‌పేపరు ఉండాలి. వరుస తిన్నగా రావడానికి గ్రాఫ్ పేపరు పైన అంటించి దాని గీతల మీద నొక్కడమే సులువు. నొక్కడం అయ్యాకే పట్టీ కోయాలి. ముందు కోస్తే పట్టీ మెలి తిరుగుతుంది.

ఈ పట్టీలను వెబ్ పై అంచుకూ, కింది అంచుకూ అతకాలి. అప్పుడు ఆ ముఖం మీది స్టిఫెనర్లన్నీ రెండు పట్టీల మధ్య పట్టేలా 15.6 మి.మీ.కి కోయాలి. ఫ్లాంజిలు పెట్టకముందే రివెట్ పట్టీలు అయిపోవాలి.

7. ఒక్కో గర్డరు కట్టే వరుస

మొత్తం పనిలో ఓపిక పెట్టాల్సిన చోటు ఇదే.

మొదట కింది ఫ్లాంజి: ఫ్లాంజిని అద్దం మీద పరచండి. వెబ్ సరిగ్గా నడిమధ్యలో నిలబడాలంటే రెండు వైపులా 2 మి.మీ. చొప్పున వదలాలి. 1 మి.మీ. షీటు ముక్కలు రెండేసి జత చేస్తే 2 మి.మీ. ఆనింపు పట్టీలు తయారు. వాటిని ఫ్లాంజి అంచులతో సమంగా పెట్టి మధ్యలో వెబ్ నిలబెట్టి, మూలమట్టంతో చూసి, మూడు చోట్ల మాత్రమే సిమెంటు చుక్క తాకించండి. రెండు నిమిషాల్లో పట్టుకుంటుంది. ఆనింపు పట్టీలు తీసేశాకే మిగతా పొడవంతా బ్రష్షుతో సిమెంటు నడిపించండి. పట్టీలు ఉండగానే నడిపిస్తే సిమెంటు వాటి కిందికి పాకి అవి కూడా అతుక్కుపోతాయి.

తర్వాత పై ఫ్లాంజి: గర్డరును తలకిందులు చేసి ఇదే పద్ధతి.

ఆ తర్వాత కవర్ ప్లేట్లు: పైదాన్ని పూర్తి పొడవునా, కిందిదాన్ని నడుమ 150 మి.మీ. మాత్రమే అతకండి. పైన కూడా పొట్టిది పెడితే స్లీపర్ల కింద అర మి.మీ. మెట్టు వస్తుంది, ట్రాక్ ఎగుడుదిగుడవుతుంది. కవర్ ప్లేటుకు సిమెంటు అంచుల నుంచే ఇవ్వండి, అదీ కొద్దిగా. రెండు వెడల్పాటి ముఖాల మధ్య ఎక్కువ సిమెంటు చిక్కుకుంటే అది వారాల తరబడి ఆరుతూ ప్లేటును వంచుతుంది.

చివరికి స్టిఫెనర్లు: బేరింగు రేఖకు 1.5 మి.మీ. అటూ ఇటూ ఒక్కోటి, అంటే ప్రతి చివరా, ప్రతి ముఖానా జంటగా 18 మి.మీ. ముక్కలు. ఇవి పై నుంచి కింది దాకా బిగుతుగా పట్టాలి. బరువును బేరింగుకు దింపేవి ఇవే. మిగతా 13 గీతల మీద 17 మి.మీ. ముక్కలను పై ఫ్లాంజికి ఆనించి, కింద 1 మి.మీ. వదిలి పెట్టండి. వెల్డింగు గర్డర్లలో మధ్య స్టిఫెనర్లు కింది ఫ్లాంజిని తాకకుండా ఆగిపోవడం నిజంగానే ఉన్న పద్ధతి.

ఒక ముఖం పూర్తి చేసి రెండో ముఖానికి వెళ్లవద్దు. ఈ ముఖాన మూడు పెడితే ఆ ముఖాన మూడు పెట్టండి. సిమెంటు ఆరేటప్పుడు ప్లాస్టిక్‌ను లాగుతుంది. ఒకే వైపు లాగుడు పడితే వెబ్ ఆ వైపుకు వంగి ఉండిపోతుంది.

రెండు గర్డర్లూ అయ్యాక అద్దం మీద పడుకోబెట్టి 24 గంటలు కదపకండి.

గర్డర్లు జత చేసే ముందు చూడాల్సినవి:
- రెండింటినీ పక్కపక్కన పెడితే స్టిఫెనర్ల వరుసలు కలుస్తున్నాయా
- అద్దం మీద తలకిందులుగా పెడితే కింద ఎక్కడైనా వెలుతురు కనిపిస్తోందా
- చివర్లలో ఎత్తు రెండింటికీ 19.5 మి.మీ. ఉందా

8. రెండు గర్డర్లనూ కలపడం

ముందు క్రాస్ ఫ్రేములు. కాగితం మీద 21 × 14 మి.మీ. దీర్ఘచతురస్రం గీసి, పైన బటర్ పేపరు పరిచి, దాని మీదే ఎనిమిది ఫ్రేములూ కట్టండి. పైనా కిందా 21 మి.మీ. పట్టీలు, మధ్యలో అడ్డంగా రెండు కర్ణాలు. ఒక కర్ణాన్ని ముందు వైపు, ఇంకోదాన్ని వెనుక వైపు అతికితే మధ్యలో కోసి కలపాల్సిన బాధ ఉండదు.

ఒక గర్డరును బయటి ముఖం కిందికి వచ్చేలా అద్దం మీద పడుకోబెట్టండి. ఒకటి, మూడు, అయిదు... ఇలా బేసి గీతలన్నిటి దగ్గరా స్టిఫెనర్ పక్కకు ఆనించి ఫ్రేములు నిలబెట్టండి. చివరి రెండూ జంట స్టిఫెనర్ల లోపలిదానికి ఆనాలి. ఫ్రేములన్నీ స్టిఫెనర్లకు ఒకే పక్కన ఉండనక్కరలేదు గాని, ఒక్కో ఫ్రేము రెండు గర్డర్ల మీదా ఒకే పక్కన ఉండాలి.

అరగంట ఆరనిచ్చి రెండో గర్డరును పైనుంచి దించండి. రెండు ఫ్లాంజిల లోపలి అంచుల మధ్య 17 మి.మీ. చెక్క దిమ్మలు రెండు చివర్లా పెడితే దూరం తప్పదు. సిమెంటు పెట్టిన వెంటనే మొత్తాన్ని తలకిందులుగా నిలబెట్టి, అద్దం మీద నాలుగు మూలలూ ఆనుతున్నాయో లేదో చూసి, పైన ఓ లావుపాటి పుస్తకం పెట్టండి.

పై బ్రేసింగ్ మర్నాడు. ఫ్రేముల మధ్య వచ్చే ఏడు గళ్లలో ఏడు పట్టీలు, అటూ ఇటూ వాలుతూ, పై ఫ్లాంజి అడుగున అతకాలి. ప్రతి పట్టీనీ ముందు పెట్టి చూసి చివర్లు కత్తిరించుకోండి. ఈ పట్టీలు పడ్డాక వంతెనలో ఉన్న మెలి శాశ్వతమవుతుంది. కాబట్టి పుస్తకం కింద ఉండగానే, పలక మీదే అతకండి.

బరువు పరీక్ష: రెండు చెక్క దిమ్మల మీద వంతెన పెట్టి, నడిమధ్యలో కిలో తూకపు రాయి పది నిమిషాలు ఉంచండి. కంటికి కనిపించే వంపు రాకూడదు. హెచ్‌ఓ ఇంజను సాధారణంగా అర కిలో లోపే ఉంటుంది.

9. అబట్‌మెంట్లు, బేరింగులు

ఎదురెదురు ముఖాల మధ్య 210 మి.మీ. వెనుక బ్యాలస్ట్ గోడల (ట్రాక్ కంకరను ఆపే గోడల) మధ్య 229 మి.మీ. అంటే ప్రతి సీటు (గర్డరు చివర కూర్చునే మెట్టు) లోతు 9.5 మి.మీ., గర్డరు చివరకూ గోడకూ మధ్య 2 మి.మీ. ఖాళీ. సీటు వెడల్పు 36 మి.మీ. సరిపోతుంది.

సన్‌బోర్డు పొరలు పేర్చి గుండె కట్టి, పైన ఐవరీ కార్డు మీద రాతి వరుసలు గీసి అంటించండి. సీటు మీద 1 మి.మీ. షీటుతో బెడ్ బ్లాకు (బేరింగు కూర్చునే పలక) పెట్టి ముందుకు 1.5 మి.మీ. పొడుచుకు రానివ్వండి. థర్మోకోల్ వాడితే స్ప్రే పెయింటు తగలగానే కరిగిపోతుంది. ముందు ఫెవికాల్ పూత తప్పనిసరి.

సీటు ఎత్తే అసలు లెక్క. బేరింగు 2, గర్డరు చివర 19.5, స్లీపరు 2 కలిపితే 23.5 మి.మీ. పక్కనున్న ట్రాక్ స్లీపర్ల పైభాగం నుంచి సరిగ్గా 23.5 కిందికి బెడ్ బ్లాకు పైభాగం రావాలి. అర మి.మీ. తక్కువగా కట్టి, చివర్లో కాగితం ముక్కలతో పైకి లేపడం సులువు. ఎక్కువైతే రాసి తగ్గించడం కష్టం.

బేరింగు ప్లేట్లు ఒక్కో చోట రెండు. పైది గర్డరుకు, కిందిది బెడ్ బ్లాకుకు అతకండి. వంతెనకు ఒక చివర మాత్రమే రెండూ కలిపి అతకాలి. రెండో చివర ఊరికే కూర్చోవాలి. 225 మి.మీ. స్టైరీన్ 15 డిగ్రీల తేడాకు దాదాపు పావు మి.మీ. పొడవు మారుతుంది. చెక్క బల్ల వానాకాలం తేమకు విడిగా కదులుతుంది. రెండు చివర్లా బిగిస్తే ఆ లాగుడంతా పట్టా మీద పడుతుంది.

రెండు స్పాన్లు కట్టేవాళ్లకు: మధ్య పిల్లరు పైభాగం 18 మి.మీ. గర్డర్ల మధ్య 3 మి.మీ. ఖాళీ. నీరు వచ్చే వైపు ముక్కు తేలేలా చెక్కండి.

10. రంగు

పట్టా పరచకముందే గర్డరుకు రంగు అయిపోవాలి. ముందు గ్రే ప్రైమరు, తర్వాత అల్యూమినియం సిల్వర్. కొత్త వెండిలా మెరిస్తే మోడల్ బొమ్మలా కనిపిస్తుంది. పైన మ్యాట్ వార్నిష్ వేసి, పలుచటి గోధుమరంగు నీళ్లను స్టిఫెనర్ల మూలల్లోకి దించండి. తుప్పు ఎక్కువగా పై ఫ్లాంజి అంచున, బేరింగుల చుట్టూ ఉంటుంది. వెబ్ మధ్యలో పులమకండి.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా స్ప్రే పని ఎండ కాసిన రోజు మధ్యాహ్నానికే పెట్టుకోండి. కోరాపుట్, జయపురం వైపు చలికాలం పొద్దుటి మంచులోనూ ఇదే జాగ్రత్త. తేమ గాలిలో లక్క పూత తెల్లగా మబ్బు పడుతుంది.

అబట్‌మెంట్ మీద వంతెన నంబరు, నీటి ప్రవాహ దిశ చూపే బాణం రాస్తే మన రైల్వే వంతెన అని ఇట్టే తెలుస్తుంది.

11. స్లీపర్లు, పట్టాలు

వంతెన స్లీపర్లు మామూలు వాటికంటే దగ్గరగా ఉంటాయి. 28 మి.మీ. పొడవున 32 ముక్కలు కోసి, 7 మి.మీ.కి ఒకటి చొప్పున టేపు మీద పేర్చి, ఒకేసారి గర్డరు మీద దించండి. కాంటాక్ట్ అడ్హెసివ్ ఆరాక కూడా కొద్దిగా సాగుతుంది కాబట్టి ఇక్కడ అదే సరైనది. ఫెవిక్విక్ వాడితే వేసవిలో స్లీపర్లు ఒక్కొక్కటే ఊడతాయి.

పట్టాలు కోడ్ 83 (0.083 అంగుళాల ఎత్తువి). ఫ్లెక్సీ ట్రాక్ (వంచుకోగలిగే రెడీమేడ్ ట్రాక్) నుంచి ప్లాస్టిక్ స్లీపర్లు లాగేసి, పట్టాలను వంతెన దాటి రెండు వైపులా కనీసం 50 మి.మీ. పోనివ్వండి. వంతెన అంచున జాయింటు పెట్టవద్దు. గేజి (రెండు పట్టాల లోపలి అంచుల మధ్య దూరం) 16.5 మి.మీ. అని కొలిచి చూడండి.

గార్డు పట్టాలు (నడిచే పట్టాల లోపలి పక్కన వేసే రక్షణ పట్టాలు) లేకపోతే అది రైల్వే వంతెన అనిపించదు. కోడ్ 70 పట్టాను నడిచే పట్టాకు 2.9 మి.మీ. లోపల పెట్టండి. ఎత్తు తక్కువ కాబట్టి చక్రాలకు తగలదు. అబట్‌మెంట్ దాటాక రెండింటినీ మధ్యకు వంచి, కొసలను కిందికి దించండి. కొసల మధ్య 1 మి.మీ. ఖాళీ వదలాలి. రెండూ కలిస్తే, పట్టా తప్పిన ఒక్క చక్రంతో మొత్తం లైను షార్ట్ అవుతుంది.

రైలు నడిపే ముందు:
- మల్టీమీటరుతో రెండు పట్టాల మధ్య, పట్టాకూ గార్డు పట్టాకూ మధ్య షార్ట్ లేదని చూడండి
- చిన్న స్టీలు స్కేలును పట్టా మీద నిలువుగా పెట్టి వంతెన అంచు దగ్గర మెట్టు లేదని చూడండి
- ముందు ఖాళీ వ్యాగన్‌ను వెనక్కి నెట్టి చూడండి, ఆ తర్వాతే ఇంజను

12. ఏదైనా తప్పితే

నాలుగు మూలల్లో ఒకటి లేస్తోంది: మెలి తిరిగింది. వేడి చేసి వంచాలని చూడకండి. పై బ్రేసింగ్ పట్టీలను కత్తితో ఒక చివర విడదీసి, వంతెనను అద్దం మీద బరువు కింద ఒక రోజు ఉంచి, అలాగే మళ్లీ అతకండి.

గర్డరు పక్కకు వంగింది: స్టిఫెనర్లు ఒకే వైపు ముందు పెట్టారు. వంపు 1 మి.మీ. లోపు అయితే క్రాస్ ఫ్రేములు వేసేటప్పుడు దిమ్మలతో సరిచేయవచ్చు. అంతకు మించితే వెబ్ కొత్తగా కోసుకోవడమే తక్కువ పని.

వెబ్ మీద గుంటలు: సిమెంటు ఎక్కువైంది. పూర్తిగా ఆరేదాకా ముట్టుకోవద్దు. రెండు రోజుల తర్వాత పుట్టీ పట్టించి 400 నంబరుతో రాయండి.

ఫెవిక్విక్ చుట్టూ తెల్లటి పొడి: తేమ వల్ల వచ్చిన ఆవిరి పేరుకుంది. పెయింటుకు ముందైతే తడిగుడ్డతో తుడిచి ప్రైమరు వేయండి.

ఇంజను వంతెన ఎక్కేటప్పుడు ఎగురుతోంది: సీటు ఎత్తు తప్పింది. గర్డరు ఎత్తి బేరింగు కింద విజిటింగ్ కార్డు ముక్కలు ఒక్కొక్కటే పెట్టి చూడండి.

మొదటి వానాకాలం గడిచాక బ్యాలస్ట్ గోడ దగ్గరి 2 మి.మీ. ఖాళీని మళ్లీ కొలవండి. ఒక చివర అది అర మి.మీ.కి తగ్గితే బల్ల కదిలింది. గర్డరు చివరను రాయకండి, బ్యాలస్ట్ గోడ ముఖాన్ని రాసి ఖాళీ సరిచేయండి.